మామూలు వాటి విలువ చేతులకి తెలియాలి

(కొత్త వాలంటీర్ల శిక్షణ రోజున చేసిన ప్రసంగం, మాట్లాడింది మాట్లాడినట్టుగా)

అందరికీ నమస్కారం. వెనకాల కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోందా? సరే. సేవ ఎంత గొప్పదో మీకు నేను చెప్పక్కర్లేదు, అది తెలిసే కదా సెలవు రోజు పొద్దున్నే లేచి ఇక్కడిదాకా వచ్చారు. నేను ఒక్క సంగతే మాట్లాడతాను. సేవ చేస్తే మామూలు విషయాల విలువ తెలుస్తుంది అంటారు చూడండి, కుళాయి తిప్పితే నీళ్ళు రావడం, మన కాలి గోళ్ళు మనమే తీసుకోగలగడం, ట్యాబ్లెట్ స్ట్రిప్ మీద ఏం రాసుందో మనమే చదువుకోగలగడం, ఇలాంటివి. ఆ మాట నిజమే. కానీ ఎలా తెలుస్తుంది అన్న దగ్గర చాలామంది ఒక తప్పు లెక్క వేసుకుని వస్తారు, ఆ లెక్క ఇవాళే ఇక్కడే వదిలేసి వెళ్తే మీకూ మంచిది, మీరు వెళ్ళబోయే చోట ఉన్నవాళ్ళకి ఇంకా మంచిది.

ఆ లెక్క ఏంటంటే, లేనివాళ్ళని చూస్తే ఉన్నదాని విలువ తెలుస్తుంది అనేది. తల్లిదండ్రులు పిల్లల్ని వృద్ధాశ్రమానికి తీసుకొస్తారు, చూడు నాన్నా వాళ్ళెలా బతుకుతున్నారో, నువ్వెంత అదృష్టవంతుడివో చూడు అని చూపిస్తారు. పిల్లాడు చూస్తాడు, కాసేపు మనసు బరువెక్కుతుంది, తిరిగి వెళ్ళేటప్పుడు బండెక్కాక ఫోన్ తీస్తాడు. వాడినేం అనలేం, చూస్తే వచ్చేది జాలి, జాలికి ఆయుష్షు తక్కువ. పైగా ఆ మంచం మీద ఉన్న పెద్దావిడకి కూడా చెవులుంటాయండి, ఆవిడకీ వినిపిస్తుంది ఈ మాట. ఆవిడ ఒక నిండు జీవితం నడిపి వచ్చిన మనిషి, పిల్లల్ని పెంచింది, లెక్కలు చూసింది, నలుగురికి సలహా చెప్పింది, ఇప్పుడు మన పిల్లాడికి బుద్ధి చెప్పడానికి ఆవిడని ఉదాహరణగా వాడుకుంటే ఆవిడకి ఎలా ఉంటుంది?

దీని మీద ఒక పరిశోధన కూడా ఉంది. 2003లో రాబర్ట్ ఎమన్స్, మైకేల్ మెకల్లో అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కొంతమందిని గుంపులుగా చేసి రోజూ రాయమన్నారు. ఒక గుంపు తమకి అందిన మంచి విషయాలు రాయాలి, ఒక గుంపు రోజువారీ చికాకులు రాయాలి, ఇంకో గుంపు ఇతరులకంటే తాము ఏయే విషయాల్లో మెరుగ్గా ఉన్నామో రాయాలి. అంటే మనం పిల్లలకి చెప్పే "వాళ్ళకంటే నువ్వు నయం" అన్న పద్ధతే ఆ మూడోది. ఆ రోజుల్లో ఎవరికైనా సాయం చేశారా, ఎవరికైనా ధైర్యం చెప్పారా అని చూస్తే, అందిన మంచిని రాసినవాళ్ళు ముందున్నారు, నేను నయం అని రాసుకున్నవాళ్ళు వాళ్ళ వెనకే ఉండిపోయారు. నాకిది చాలా ముఖ్యంగా అనిపిస్తుంది. నాకు అందింది అనుకున్నప్పుడు అది ఎవరి నుంచో అందినట్టు కదా, ఆలోచన ఆ మనిషి వైపు వెళ్తుంది. నేను నయం అనుకుంటే ఆలోచన నా దగ్గరే ఆగిపోతుంది.

మరి మామూలువి మనకి ఎందుకు కనబడకుండా పోతాయి? అలవాటు వల్ల. 1978లో ఫిలిప్ బ్రిక్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు లాటరీలో పెద్ద మొత్తాలు గెలిచినవాళ్ళతో మాట్లాడారు, చిన్న అధ్యయనమే, విజేతలు 22 మంది. స్నేహితుడితో మాట్లాడ్డం, టీవీ చూడ్డం, పొద్దున్న టిఫిన్ తినడం, ఒక జోక్ వినడం, ఎవరైనా మెచ్చుకోవడం, ఇలాంటి వాటిలో మీకెంత సంతోషం దొరుకుతోంది అని అడిగితే, లాటరీ తగలని మామూలు జనం చెప్పినదానికంటే విజేతలు తక్కువ చెప్పారు. పెద్ద సంతోషం ఒకటి వచ్చి చిన్నవాటిని చప్పగా చేసేసింది. మనకి లాటరీలు తగల్లేదు గానీ చెయ్యి పెడితే లైటు, తిప్పితే నీళ్ళు, నొక్కితే మనిషి గొంతు, ఇవన్నీ ఎప్పుడూ ఆగకుండా వస్తూనే ఉంటే మన కంటికీ అదే జరుగుతుంది. చూపు తిరిగి రావాలంటే ఆ వస్తువుని మన చేతుల మీదుగా ఇంకొకరికి అందించాలి, అందిస్తున్నప్పుడు దాని బరువు, దానికి పట్టే టైము, దాని వెనక ఉన్న ఓపిక తెలుస్తాయి, నేను చెప్పదల్చుకున్నది ఇంతే, మిగతాదంతా దీనికి ఉదాహరణలే.

నీళ్ళతో మొదలుపెడతాను. వరదలు, భూకంపాలు వచ్చినప్పుడు పెట్టే శిబిరాల్లో మనిషికి ఎంత నీరివ్వాలి అని స్ఫియర్ ప్రమాణాలని ఉన్నాయి, 1997లో సహాయ సంస్థలన్నీ కలిసి మొదలుపెట్టిన పని అది. వాటి ప్రకారం ఒక మనిషికి రోజుకి కనీసం 15 లీటర్లు. తాగడానికి, వంటకి, ఒళ్ళు కడుక్కోడానికి, బట్టలకి, అన్నిటికీ కలిపి. కుళాయి 500 మీటర్లకంటే దూరం ఉండకూడదు, క్యూలో 30 నిమిషాలకంటే నిలబెట్టకూడదు, ఒక కుళాయికి 250 మందికంటే ఎక్కువ ఉండకూడదు. ఇవి కాగితం మీద చదివితే అంకెలు. మామూలు షవర్ నిమిషానికి 8, 10 లీటర్లు వదుల్తుంది కాబట్టి మనం ఎనిమిది నిమిషాలు షవర్ కింద నిలబడితే దాదాపు ఐదుగురి కుటుంబానికి రోజంతా సరిపడే నీళ్ళు అయిపోయినట్టు. ఇదీ అంకే, ఇది విని అమ్మో అనుకుంటాం, రేపు మళ్ళీ షవర్ కింద ఎనిమిది నిమిషాలు నిలబడతాం.

శిబిరంలో కుళాయి దగ్గర డ్యూటీ వేస్తే అప్పుడు తెలుస్తుంది. నిమిషానికి ఏడున్నర లీటర్లు వచ్చే కుళాయి అనుకోండి, 250 మందికి మనిషికి 15 లీటర్ల చొప్పున ఇవ్వాలంటే అది ఎనిమిది గంటల పైన ఒక్క క్షణం ఆగకుండా పారాలి. ఒక క్యాన్ తీసి ఇంకో క్యాన్ పెట్టే మధ్యలో అర నిమిషం ఆలస్యమైతే ఆ అర నిమిషం చివర నిలబడ్డవాళ్ళ మీద పడుతుంది. అందుకే అక్కడ వాలంటీర్ చేసే పని చూస్తే చాలా చిన్నది, వెనకవాళ్ళ క్యాన్ మూత ముందే తీయించి ఉంచడం, నిండగానే పక్కకి జరపడం, పెద్దవాళ్ళ క్యాన్ మోసుకెళ్ళి ఇవ్వడం. ఇరవై లీటర్లు అంటే ఇరవై కిలోలు. ఐదుగురి ఇంటికి రోజుకి నాలుగు సార్లు మొయ్యాలి. మొదటిసారి మోసేటప్పుడు మన అడుగు తొందరగా పడుతుంది, మూత సరిగ్గా లేకపోతే సగం దారిలో కాళ్ళ మీద చిందుతుంది, రెండోసారికి మనకి తెలీకుండానే నడక మారిపోతుంది, చిందకుండా ఎలా నడవాలో ఒళ్ళే నేర్చుకుంటుంది. ఒక గుడారం దగ్గర నేను చూసింది చెప్తాను, ఆ ఇల్లాలు గిన్నెలు కడిగిన నీళ్ళని పక్కన పెట్టింది, వాటితో నేల తుడిచింది, ఆ మిగిలినవాటిని దుమ్ము లేవకుండా గుమ్మం ముందు చల్లింది. ఒకే నీటికి మూడు పనులు. ఎవరూ ఆవిడకి శిక్షణ ఇవ్వలేదు. ఆ నీళ్ళు మోసిచ్చింది మీరే అయితే ఆవిడ చేతుల్లో ఉన్న తెలివి మీకు కనబడుతుంది, ఫొటో తీయడానికి వచ్చినవాళ్ళకి మాత్రం పేదరికమే కనబడుతుంది.

ఇంకో మాట, ఇంట్లోనే, అవసరమైనప్పుడల్లా, శుభ్రమైన తాగునీరు అందే సదుపాయం లేనివాళ్ళు 2022 నాటికి ప్రపంచంలో దాదాపు 220 కోట్ల మంది అని డబ్ల్యూహెచ్‌ఓ, యూనిసెఫ్ లెక్క. 2010 జులై 28న ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ నీటినీ పారిశుద్ధ్యాన్నీ మానవ హక్కుగా గుర్తించింది. కాబట్టి కుళాయి నీళ్ళు రావడాన్ని నా అదృష్టం అని లెక్క రాసుకుని ఊరుకోకండి. మీకు అందింది, అందరికీ అందాల్సింది, ఆ రెండో సగం గుర్తున్నప్పుడే మొదటి సగాన్ని నిజంగా మెచ్చుకున్నట్టు.

చరిత్రలోంచి ఒకటి చెప్తాను, నాకు చాలా ఇష్టమైన సంగతి. 1859 జూన్ 24న ఇటలీలో సోల్ఫరీనో దగ్గర పెద్ద యుద్ధం జరిగింది, ఒక్క రోజులో చనిపోయినవాళ్ళు, గాయపడ్డవాళ్ళు, ఆచూకీ లేనివాళ్ళు కలిపి 40 వేల దాకా. ఆన్రీ డ్యునాన్ అని జెనీవా వ్యాపారి ఒకాయన ఏదో తన వ్యాపారం పని మీద ఆ పక్కకి వచ్చాడు. కాస్టిల్యోనే అనే ఊళ్ళో చర్చి నిండా గాయపడ్డ సైనికులు, డాక్టర్లు చాలరు. ఈయన డాక్టర్ కాదు, నర్సు కాదు, తెల్ల సూటు వేసుకుని తిరుగుతున్న మనిషి. ఏం చేశాడో తెలుసా, ఊళ్ళో ఆడవాళ్ళని కూడగట్టాడు, ఏ దేశం సైనికుడని అడక్కుండా అందరికీ నీళ్ళు తాగించడం మొదలుపెట్టారు. తన బగ్గీని బ్రెషా నగరానికి పంపి సామాన్లు తెప్పించాడు. ఆ సామాన్లు ఏంటో వినండి. నారింజలు, నిమ్మకాయలు, చక్కెర, చొక్కాలు, స్పాంజ్‌లు, కట్టు గుడ్డలు, పిన్నీసులు, చుట్టలు, పొగాకు.

పిన్నీసులండీ. నేను ఈ జాబితా దగ్గర ప్రతిసారీ ఆగిపోతాను. అంత రక్తం మధ్యలో నిలబడి కట్టు జారకుండా ఉండాలంటే పిన్నీసు కావాలి అని ఆలోచించగలగడం! ఎండిపోయిన నోటికి నిమ్మరసం, చెమటా రక్తం తుడవడానికి స్పాంజ్, చినిగి తడిసిన చొక్కా మార్చడానికి ఇంకో చొక్కా. చనిపోబోయేవాళ్ళ దగ్గర కూర్చుని, వాళ్ళ ఇళ్ళకి చెప్పమన్న కబుర్లు రాసుకున్నాడు. ఆ అనుభవంలోంచే 1863లో రెడ్ క్రాస్‌గా మారిన కమిటీ పుట్టింది, 1901లో మొట్టమొదటి నోబెల్ శాంతి బహుమతి ఇంకొకరితో కలిపి ఆయనకి ఇచ్చారు. ఆ తర్వాతి చరిత్ర అందరూ చెప్తారు, నాకు మాత్రం ఆ బండి సామానే ముఖ్యం. చొక్కా అంటే ఏంటో, గుక్కెడు నీళ్ళంటే ఏంటో ఆయనకి తెలిసింది పక్కనే కూర్చుని అందించినందుకే, దూరంగా గుర్రం మీంచి చూసినవాళ్ళకి అక్కడ కనబడింది గెలుపూ ఓటమీ అంతే.

ఇప్పుడు మనం చేయబోయే పనికి వస్తాను. మీలో ఎక్కువమంది వెళ్ళేది పెద్దవాళ్ళ దగ్గరికి, వృద్ధాశ్రమాలకి. చాలామంది అడుగుతారు, మేం వెళ్ళి పాటలు పాడచ్చా, ప్రోగ్రాం పెట్టచ్చా అని. పెట్టండి, సంతోషమే. కానీ నేను మిమ్మల్ని ముందు గోళ్ళ పని నేర్చుకోమంటాను. నవ్వుతున్నారు, పర్లేదు. ఒక వయసు దాటాక నడుం వంగదు, కాలి దాకా చెయ్యి అందదు, చూపు ఆనదు, గోరు మందమై గట్టిపడిపోతుంది, మామూలు కట్టర్‌కి లొంగదు. ఇది ఎవరికీ చెప్పుకోరు, సిగ్గు. గోరు పెరిగి చెప్పులో గుచ్చుకుంటుంది, గుచ్చుకుంటే నడక తగ్గిస్తారు, నడక తగ్గితే కాళ్ళలో బలం తగ్గుతుంది, బలం తగ్గితే పడతారు. ఎక్కడో తుంటి ఎముక విరగడానికి మొదలు ఒక గోరు అయ్యుండచ్చు.

చేసే పద్ధతి తొందర పడితే కుదరదు. గోరువెచ్చని నీళ్ళలో కాసేపు పాదాలు పెట్టాలి, నీటి వేడి ముందు మన మోచేత్తో చూసుకోవాలి ఎందుకంటే కొందరికి కాళ్ళలో స్పర్శ తగ్గి ఉంటుంది, వేడిగా ఉన్నా తెలీదు. వేళ్ళ మధ్య తడి లేకుండా మెత్తగా ఒత్తి తుడవాలి. గోరుని అడ్డంగా నేరుగా తియ్యాలి, మూలలు లోపలికి తవ్వకూడదు, ఒకేసారి మొత్తం కాకుండా కొంచెం కొంచెంగా. షుగర్ ఉన్నవాళ్ళవి, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్ళవి మీరు ముట్టుకోవద్దు, అది నర్సు పని, ఇందులో మొహమాటం వద్దు, ఆ పెద్దాయన పర్లేదమ్మా తీసెయ్ అన్నా సరే తీయకూడదు.

ఇక ఆ అరగంటలో ఏం జరుగుతుందో చెప్తాను. మనం నేల మీద కూర్చుంటాం, ఆయన కుర్చీలో ఉంటారు, అంటే మనం తలెత్తి ఆయన్ని చూస్తాం, ఆయన తల దించి మనల్ని చూస్తారు, రోజంతా ఆయన్ని మంచం మీద పడుకోబెట్టి పైనుంచి మాట్లాడేవాళ్ళే కాబట్టి ఈ మార్పు ఆయనకి వెంటనే తెలుస్తుంది. కాసేపటికి మాటలు మొదలవుతాయి. ఒకాయన జీవితమంతా రోజుకి ఎన్ని మైళ్ళు నడిచి ఉద్యోగం చేశారో ఆ పాదాలు చూస్తూనే చెప్పుకొచ్చారు, నేనేమీ అడగలేదు. అయిపోయాక ఆయన లేచి వరండా చివరిదాకా నడిచి వెనక్కి వచ్చారు, ఇంకోసారి వెళ్ళొచ్చారు. గుచ్చుకోకుండా అడుగు వెయ్యడం అనే సంగతిని నేను అప్పటిదాకా ఒక సంగతిగా లెక్కపెట్టలేదు. లెక్కపెట్టించింది ఆయన కష్టాన్ని చూడ్డం అనుకోకండి, అది చాలామంది చూశారు. ఆ నడకలో నా చేతుల పని కొంచెం ఉంది, అందుకే నాకు ఆ అడుగులు కనబడ్డాయి.

ఇల్లు కదల్లేనివాళ్ళకి, ఉద్యోగాల మధ్య టైము చిక్కనివాళ్ళకి కూడా పని ఉంది. బీ మై ఐస్ అని ఒక యాప్, డెన్మార్క్‌లో మొదలైంది, 2015లో జనంలోకి వచ్చింది. చూపు లేనివాళ్ళు, తక్కువున్నవాళ్ళు వీడియో కాల్ చేస్తారు, ఎక్కడో ఉన్న వాలంటీర్ ఎత్తి తన కళ్ళతో చూసి చెప్తాడు. అడిగేవి ఎలా ఉంటాయంటే, ఈ డబ్బా మీద ఎక్స్‌పైరీ డేట్ ఎంత, ఈ రెండు సాక్సుల్లో నల్లది ఏది, గదిలో లైటు వేసుందా లేదా. ఒక నిమిషం పని. మీరు డేట్ చదివి చెప్తారు, థాంక్స్ అని కాల్ కట్ అయిపోతుంది, అంతే, అవతల మనిషి తన పని తను చేసుకోడానికి వెళ్ళిపోతారు. ఆ అంతే అన్నది నాకు చాలా నచ్చుతుంది. పెద్ద కృతజ్ఞతలు లేవు, కన్నీళ్ళు లేవు, ఒక మనిషి తన రోజు తను గడుపుకుంటున్నారు, మధ్యలో ఒక తేదీ కావాల్సొచ్చింది, ఇచ్చాం. ఫొటోలో పడని సాయం ఇది.

హాస్పిస్‌కి, అంటే చివరి రోజుల్లో ఉన్న రోగుల్ని చూసుకునే చోటికి, వెళ్ళేవాళ్ళు కొద్దిమందే కాబట్టి క్లుప్తంగా చెప్తాను. ఇవాళ మనకి తెలిసిన హాస్పిస్ సేవకి దారి వేసింది సిసిలీ సాండర్స్, 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ తెరిచారు. ఆవిడ ముందు నర్సు, తర్వాత ఆస్పత్రి సోషల్ వర్కర్, ఆ తర్వాత డాక్టర్ చదువు చదివారు, వాలంటీర్‌గా కూడా పనిచేశారు, మంచం పక్కన ఉండే అన్ని కుర్చీల్లోనూ కూర్చుని వచ్చిన మనిషి అన్నమాట. అక్కడ జబ్బు నయం చేసే పని ఉండదు, నొప్పి తగ్గించే పని ఉంటుంది, మిగతాదంతా మామూలు విషయాలే. తాగలేని మనిషికి పెదాలు తడపడం, దిండు తిరగెయ్యడం, దుప్పటి ముడత సరిచెయ్యడం, కిటికీ ఎంత తెరవాలో అడిగి అంతే తెరవడం. నర్సు చూపించినట్టే చెయ్యాలి, మింగలేనివాళ్ళకి మనంతట మనం నీళ్ళు పొయ్యకూడదు, తడి స్పాంజ్‌తో పెదాల మీద, అంతే. అడగడం మర్చిపోవద్దు. కిటికీ తెరవడం మనకి మంచిగా అనిపించచ్చు, ఆయనకి చలేస్తుండచ్చు. ఏది ఎంత కావాలో నిర్ణయించుకోవడం ఆ మనిషి చేతిలో మిగిలిన కొద్ది వాటిల్లో ఒకటి, అది మనం లాక్కోకూడదు.

ఇవన్నీ చేశాక ఒక మార్పు వస్తుంది, అది రావడానికి కొంత కాలం పడుతుంది. మన ఇంట్లో, మన వీధిలో ఇదే పని మనకోసం చేస్తున్నవాళ్ళు కనబడతారు. కుళాయి వెనక పంపు హౌస్‌లో రాత్రి షిఫ్ట్ చేసే మనిషి ఉన్నాడు. తెల్లారేసరికి వీధి శుభ్రంగా ఉందంటే చీకట్లో ఎవరో ఊడ్చారు. ఇంట్లో ఉతికిన బట్ట మడత పెట్టి ఉందంటే అది దానంతటది మడత పడలేదు. మామూలు విషయం అని మనం అనేది చాలాసార్లు ఇంకొకరి శ్రమ, అది ఎంత బాగా జరిగితే అంత తక్కువ కనబడుతుంది. సేవకి వెళ్ళి పరవశించి వచ్చి, ఇంట్లో అమ్మ ఇచ్చిన గ్లాసు వంక చూడకుండా అందుకుంటే ఇంకా నేర్చుకోవాల్సింది ఉన్నట్టే.

చివరిగా, నిలకడ గురించి. మొదటి వారాల్లో మీకు అన్నీ బాగా కనబడతాయి, ఇంటికెళ్ళి మంచినీళ్ళు తాగినా రుచిగా ఉంటుంది. తర్వాత అదీ అలవాటైపోతుంది, నేను ముందు చెప్పిన అలవాటు సేవని కూడా వదలదు. అప్పుడు ఇందులో మజా పోయింది అని కొత్త చోటు వెతుక్కుంటూ మారుతుంటారు కొందరు, ఈ నెల పిల్లల దగ్గరికి, వచ్చే నెల పెద్దవాళ్ళ దగ్గరికి. దయచేసి అలా చెయ్యకండి. పెద్దవాళ్ళు వారాన్ని మీ రాకతో లెక్కపెట్టుకోవడం మొదలుపెడతారు, మీ అనుభూతి తగ్గిందని వాళ్ళ ఆదివారం ఖాళీ అవ్వకూడదు. పైగా ఆ మొదటి మెరుపు తగ్గాకే పని చేతికి వస్తుంది, ఎవరికి ఏ వైపు నడుం నొప్పో, ఎవరికి ఏ చెవి వినబడుతుందో అప్పుడే తెలుస్తుంది.

కాబట్టి తక్కువ ఒప్పుకోండి, ఒప్పుకున్నది చెయ్యండి. వారానికి రెండు గంటలు కుదరకపోతే నెలకి రెండు గంటలే రాయండి, కానీ ఆ రోజు రండి. రాలేకపోతే ముందురోజే ఫోన్ చేసి చెప్పండి, మానేయాల్సొస్తే చివరిసారి వచ్చి వాళ్ళతో చెప్పి మానేయండి, మాయమైపోవద్దు. ఫొటోలు వద్దు, ఆశ్రమంవాళ్ళు అడిగినా ఆ మనిషిని అడక్కుండా వద్దు. రిజిస్టర్ బయట టేబుల్ మీద ఉంది, పేరు పక్కన ఏ రోజు, ఏ పని అన్నది మీరే రాయండి. గోళ్ళ పనికి పేరు ఇచ్చేవాళ్ళు ఇప్పుడే వెళ్ళిపోకుండా ఉండండి, నర్సుగారు పక్క గదిలో పద్ధతి చూపిస్తారు, గిన్నెలూ నీళ్ళూ టవళ్ళూ అన్నీ పెట్టించాం, ముందు ఒకరి కాళ్ళకి ఒకరు చేసి చూద్దురుగాని.